బట్టీ తాత రొట్టె

మా ఊరి రొట్టెలన్నీ ఒకే బట్టీలో కాలేవి. ఎవరింట్లో వాళ్లు పిండి కలుపుకుని, ముద్ద మీద తమ గుర్తు నొక్కి తెచ్చేవాళ్లు. మాది తాళంచెవి. దర్జీ వాళ్లది గుండీ. కాల్చేది బట్టీ తాత. మనుషుల పేర్లు మర్చిపోయేవాడు గానీ, గుర్తు చూస్తే చాలు, ఏ రొట్టె ఎవరిదో ఇట్టే చెప్పేసేవాడు. బట్టీ వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. ఒక మంచం, ఒక గిన్నె, ఒక గ్లాసు.

ఆయన రొట్టె మీద మాత్రం ఏ గుర్తూ ఉండేది కాదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, నోరు ఊరుకోదు. ఎందుకని అడిగాను.

“మిగిలిందే నాదమ్మా. దానికి గుర్తెందుకు?” అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన అటు తిరిగి కట్టెలు ఎగదోస్తుంటే, మా తాళంచెవి తీసి ఆయన ముద్ద మీద గట్టిగా నొక్కేశాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను. సాయంత్రం అమ్మ బుట్ట తెచ్చింది. మూడు ముద్దలిస్తే నాలుగు రొట్టెలొచ్చాయి. తనే లెక్క తప్పాననుకుంది అమ్మ. నాలుగూ తినేశాం. ఒకటి తాతదని తెలిసినా, తిడుతుందని నేను చెప్పలేదు.

మర్నాడు వెళ్లి, రాత్రి ఏం తిన్నావు తాతా అని అడిగాను. మంచినీళ్లు తాగి పడుకున్నాడట. మా గుర్తు పడ్డ రొట్టె మాదేనట. ముప్పై ఏళ్లలో ఒకరి రొట్టె ఇంకొకరికి పోలేదట. నేను బావురుమన్నాను. తాత కంగారుపడి తన ముద్ద నా ముందు పెట్టాడు.

“ఏడవకు. నీ బొటనవేలు నొక్కు. ఇకనుంచి అదే నా గుర్తు.”

ఆ రోజు నుంచి నేను వెళ్లేదాకా ఆయన ముద్ద బట్టీలోకి వెళ్లేది కాదు. ఆలస్యమైతే వీధి చివరిదాకా వచ్చి చూసేవాడు. ఆ ఏడాదంతా అంతే.

తర్వాత నాన్నకు వేరే ఊళ్లో పని దొరికింది. సామాన్లు కట్టేశారు. చివరి రోజు వేలు నొక్కుతూ, వెళ్లిపోతున్నామని చెబుదామనుకున్నాను. రేపు పెందలాడే రమ్మన్నాడు తాత. సరేనన్నాను. నా నోరు పడిపోనూ, ఊరందరితో వాగేదాన్ని, ఆ ఒక్కమాట చెప్పలేకపోయాను.

చాన్నాళ్లకు దర్జీ భార్య మా ఇంటికొచ్చి చెప్పింది. మేం వెళ్లిన మర్నాడు, ఎవరి రొట్టెలు వాళ్లు పట్టుకెళ్లాక కూడా తాత ముద్ద బల్ల మీదే ఉందట. బట్టీ చల్లారిపోతోంది, పెట్టేయమని ఆవిడ చెప్పిందట.

“పిల్ల వస్తుంది” అన్నాడట.