వీరేశం ఇంటి వంతులు

గోపన్‌పల్లి బడిలో పౌరశాస్త్రం చెప్పినన్నాళ్లూ, కుటుంబమే పౌరుడికి మొదటి పాఠశాల అని పిల్లల చేత వల్లె వేయించాను. ఇల్లెలా ఉంటే రాజ్యమలా ఉంటుందని గొంతు పెంచి మరీ చెప్పేవాణ్ణి. మాది ఏలూరు దగ్గర ఊరు. మా ఇంట్లో నేను తిన్న కంచం ఎత్తిన పాపాన పోలేదు. ఆ సంగతి పాఠంలో లేదు కనుక ఎవరూ అడగలేదు.

1968లో నేను గోపన్‌పల్లి వచ్చేనాటికి వీరేశం భార్య పోయి ఏడాదైంది. రెండెకరాల పొలం, ఒక బావి, ఇద్దరు పిల్లలు. కిష్టమ్మకు పదకొండేళ్లు, తమ్ముడు లింగమూర్తికి పది. వీరేశం ఇంటి పనినీ పొలం పనినీ వారాల లెక్కన ఇద్దరికీ పంచాడు. ఒక వారం కిష్టమ్మ తండ్రితో పోయి మోట కొట్టి పొలానికి నీళ్లు పెడుతుంది, లింగమూర్తి ఇల్లూడ్చి జొన్నరొట్టెలు చేస్తాడు. మరుసటి వారం పనులు మారతాయి. బడి మాత్రం ఇద్దరికీ తప్పదు.

"పోరనికి గాజులు గూడ తొడగరాదె!" అని కల్లు దుకాణం దగ్గర వీరేశాన్ని ఏడిపించేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఉండబట్టలేక ఒకరోజు నేనే కారణం అడిగాను.

"మా ఇంటామె పోయిన్నాడు పొయ్యి ముట్టిచ్చుడు ఎవలికి రాక ముగ్గురం పస్తున్నం సారూ. రేపు నేను వోయినా ఈళ్లు గట్ల కూసోవద్దు," అన్నాడు.

నాకు ఒళ్లు పులకరించింది. ఉపాధ్యాయుల సభలో సమానత్వం ఇంట్లోనే మొదలవుతుందని గంటసేపు ఉపన్యసించాను. వీరేశం కథ చెప్పి చప్పట్లు నేను కొట్టించుకున్నాను.

పిల్లలు పెరిగారు. కిష్టమ్మ గుప్పెడు మన్ను నలిపి చూసి అందులో ఏం పండుతుందో చెప్పేది. లింగమూర్తి చేసిన పప్పు రుచి నేను మా ఇంట్లో కూడా ఎరగను. ఇద్దరూ సంతోషంగానే ఉండేవారు.

1976లో వాళ్ల పొలం సర్కారు తీసుకుంది. అక్కడ ఆఫీసులు కడతారట, చుట్టూ పెద్ద తోట వేస్తారట. భూమి పోయిన ప్రతి ఇంట్లో ఒకరికి తోటమాలి ఉద్యోగం ఇస్తామన్నారు. దరఖాస్తు పట్టుకుని ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు.

"నా పేరు రాయుండ్రి సారూ. చెట్ల పని నాకొస్తది," అంది కిష్టమ్మ.

"అక్క పేరే రాయి సారూ. నేను పట్నంల ఏదన్న హోటల్ల వంటకు వోత," అన్నాడు లింగమూర్తి.

కుటుంబం తరఫున పని కోరేవారి పేరు అని కాగితంలో ఒక గడి ఉంది, అంతే. కలం తెరిచి ఆగిపోయాను. ఆడపిల్ల పేరు చూస్తే దరఖాస్తు పక్కన పడేస్తారని, ఉన్న ఒక్క ఆధారమూ పోతుందని భయం వేసింది. ఎవరినీ అడగలేదు. నాకు తోచిందే రూలనుకున్నాను.

"రూలొప్పుకోదు వీరేశం. మగపిల్లాడి పేరే ఉండాలి," అన్నాను.

వీరేశం కూతురి ముఖం చూడలేకపోయాడు. "సారుకు ఎరుకుంటది బిడ్డా," అన్నాడు. లింగమూర్తి పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో నేనే రాశాను.

ఉద్యోగం వచ్చింది. మొదట్లో లింగమూర్తి పని నుంచి వచ్చి తన వంతు వంట చేసేవాడు. తోటివాళ్లు నవ్వారో, అలసటే అయిందో, ఒక వారం మానేశాడు. ఆ తర్వాత తిన్న కంచం అక్క ముందుకు తోయడం నేర్చుకున్నాడు. వీరేశం అది చూసి కూడా ఊరుకున్నాడు. కిష్టమ్మకు పొలం లేదు, బావి లేదు. ఆ పొలంలోనే లేస్తున్న గోడలకు పగలంతా ఇసుక మోసి, ఇంటికొచ్చి వండేది.

రెండేళ్ల తర్వాత ఆ తోటలో మొక్కలకు నీళ్లు పెడుతూ బుచ్చమ్మ కనిపించింది. వీరేశం వాడకట్టులోనే ఉండే మనిషి, భర్త లేడు, ఆమె భూమి కూడా పోయింది. నీకెలా ఇచ్చారని అడిగాను.

"నా పేరు రాయిచ్చి ఏలుముద్రేసిన. ఇచ్చిన్రు," అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆఫీసు గుమాస్తాను అడిగితే, "ఆడా మగా అని రూల్లో ఎక్కడా లేదండీ," అన్నాడు.

సిగ్గేసింది. అయినా తిన్నగా ఇసుక కుప్ప దగ్గరికే వెళ్లాను. కిష్టమ్మ తట్ట దించింది. రూలు అడ్డం రాలేదనీ, అడ్డం వచ్చింది నేనేననీ చెప్పాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. చెప్పేస్తే నా గుండె బరువు తగ్గుతుందనుకున్నాను, అది నిజం.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇన్ని దినాలు సర్కారే వద్దన్నదనుకున్న సారూ. ఆడిదాన్నైతి, ఏం జేస్తమని మనసుకు సర్దిజెప్పుకున్న. గిప్పుడు మీరొచ్చి గిట్ల జెప్తిరి. ఇగ నేనేమని సర్దిజెప్పుకోవాలె?"