కారంపూడిలో షామియానా గుడ్డ జెర్సీ

హాకీ మ్యాచ్‌లలో ఆటగాళ్లు వేసుకున్న జెర్సీలు సేకరిస్తుంటాను. జట్టు మామూలుగా వేసుకునే రంగులవి కాకుండా, ఏదో అవసరం పడి ఒకటి రెండు ఆటలకే వాడిన వింత జెర్సీలంటే మరీ ఇష్టం. షామియానా గుడ్డతో కుట్టింది, ఒకమ్మాయి వేసుకుని ఆడింది, కారంపూడిలో ఉందని రిటైరైన డ్రిల్లు మాస్టారొకరు చెప్పి, టెంట్ హౌస్ ఆనందరావు గారి నంబరు ఇచ్చారు. ఫోన్ చేస్తే, "రండి, ఇస్తాను" అన్నారాయన. అంతకు మించి మాట్లాడలేదు.

గుంటూరులో పొద్దున్నే రైలెక్కి నరసరావుపేటలో దిగాను. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని కారంపూడి పల్లెవెలుగు ఎక్కాను. పక్క సీటు రైతు ఒళ్లో మందు కొట్టే పంపు ఉంది. ఏం పని మీద వెళుతున్నానని అడిగాడు. హాకీ చొక్కా కోసమన్నాను.

"చొక్కాలు పేటలో దొరకవా ఏంది?"

ఒకమ్మాయి ఆటలో వేసుకున్నదని వివరించాను. ఆయన మొహం మారిపోయింది.

"ఆనందరావు కూతురుదా? చానా బాగా ఆడేదయ్యా. పోయింది గదా ఆ పిల్ల."

మాస్టారు నాకీ సంగతి చెప్పలేదు. మిగతా దారంతా మిరప చేలు చూస్తూ కూర్చున్నాను. వెనక్కి వెళ్లిపోదామా అని కూడా అనిపించింది.

పదకొండు దాటాక దిగాను. బస్టాండుకు దగ్గర్లోనే దుకాణం. కుర్చీల దొంతరలు, బోర్లించిన గుండిగలు. ఆనందరావు గారు టీ తెప్పించి, నేను అడగకుండానే మొదలుపెట్టారు.

"పేటలో టోర్నమెంటుకి టెంటు నేనే వేశా సార్. మా ఊరి జట్టు పిల్లల జెర్సీలూ నీలమే, అవతలోళ్లవీ నీలమే. రంగు మార్చకపోతే ఆడనియ్యమన్నారు. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. నా కాడ ఉంది టెంటు గుడ్డే గదా. పరదా ఒకటి కోసేశా. గ్రౌండు ఎదురుగా ఉన్న టైలరు మర్నాటికి అందరికీ కుట్టిచ్చాడు."

"గెలిచారా?"

"లేదు. మా సులోచన మాత్రం ఒక గోలు కొట్టింది. జనం లేచి నిలబడ్డారు." టీ గ్లాసు పక్కన పెట్టారు. "డిగ్రీలో ఉండగా డెంగీ వచ్చింది. పోయిన రోజు మా ఇంటి ముందు టెంటు కూడా నేనే కట్టుకున్నా."

పాలిథిన్ కవరులోంచి జెర్సీ తీసి నా చేతిలో పెట్టారు. ఎరుపు, పసుపు చారల మధ్య ఆకుపచ్చ పూలు. వీపు మీద నల్లగుడ్డతో వంకరగా కుట్టిన తొమ్మిది. అంచున మట్టి మరక అలాగే ఉంది.

అప్పుడే దుకాణం వెనకున్న ఇంట్లోంచి ఆయన భార్య కరుణమ్మ వచ్చింది.

"ఏందయ్యా ఇది? నాతో ఒక్క మాట చెప్పకుండా ఇచ్చేస్తన్నావా?"

"దాన్ని చూసినప్పుడల్లా అన్నం మానేస్తన్నావు. నన్నేం చెయ్యమంటావు?" అన్నారాయన తల దించుకుని.

నేను లేచి జెర్సీ ఆమెకే అందించాను. "మీకిష్టం లేకపోతే నాకొద్దమ్మా." తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

భోజనం చేయకుండా కదలనివ్వలేదు ఆనందరావు గారు. గోంగూర పప్పు ఆమే వడ్డించింది. వడ్డిస్తూ అడిగింది.

"ఇట్టాంటియ్యి ఏం చేస్తావు బాబూ?"

"మా ఇంటి ముందు హాల్లో అద్దాల్లో పెడతానమ్మా. ఆడే పిల్లలు వచ్చి చూస్తుంటారు."

"ఆడపిల్లలూ వస్తారా?"

"వాళ్లే ఎక్కువ."

పప్పు గిన్నె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. తర్వాత, "బీరువాలో బూజు పడతంది. నేను దాన్ని కాపాడలేకపోతన్నా," అంది. "కింద పేరు రాసి పెట్టు. ఊరు కూడా రాయి."

మధ్యాహ్నం బస్సుకు ఇద్దరూ వచ్చారు. జెర్సీని మడిచి తెల్ల తువ్వాలు మీద పెట్టి చేతుల్లో పట్టుకుంది కరుణమ్మ. నేను ఎక్కి కూర్చున్నా ఇవ్వలేదు. బస్సు కదలబోతుంటే మడత ఒకసారి సర్ది కిటికీలోంచి అందించింది. "జాగరత్త," అంది. నాకు చెప్పిందో, దానికి చెప్పిందో.

నరసరావుపేటలో సాయంత్రం రైలు దొరికింది. సంచిలో చోటున్నా జెర్సీని అందులో పెట్టలేక ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎదురు సీటావిడ, "పెళ్లి పందిరి గుడ్డా అన్నయ్యా?" అని అడిగింది. జరిగిందంతా చెప్పాను. ఆమె చేయి చీరకు తుడుచుకుని, ఆ వంకర తొమ్మిది మీద మెల్లగా వేళ్లు ఆనించింది. ఇలాంటి వాటికోసం చాలా ఊళ్లు తిరిగాను. దొరికిన సంతోషంతోనే ఎప్పుడూ తిరిగొచ్చేవాణ్ణి. ఈసారి మాత్రం ఒకరి బిడ్డను ఇంటికి తీసుకెళుతున్నట్టు, గుంటూరు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.