కాపలావాడి చూపు

ఆటలో తన వీరుడి మాట పలికే ముందు ఆమె ప్రతిసారీ కళ్లజోడు తీసి, మడిచి, పక్కన పెట్టేది. ఆ వీరుడికి కళ్లజోడు లేదు కనుక. అప్పుడు బల్ల చుట్టూ ఉన్న ముఖాలు మసకబారేవి. ఆ మసకలో ఆమె గొంతు కాస్త దిగి, గట్టిపడేది.

ఆట అన్నయ్యది. ఆదివారం సాయంత్రాల్లో అతని ఇంటి భోజనాల బల్ల మీద ఒక కోటో, అడవో, సొరంగమో పుట్టేది. కథ అన్నయ్య చెప్తాడు. మిగతా ముగ్గురూ తలా ఒక పాత్రై అందులో తిరుగుతారు. ఏం చేస్తామో నోటితో చెప్పాలి. అయిందో లేదో పాచికలు చెప్తాయి. ప్రతి పాత్రకూ ఒక కాగితం. ఆ కాగితం పైవరుసలో దాని స్వభావం, రెండే మాటల్లో. ఇచ్చిన మాటకూ కట్టుబాటుకూ ఎంత విలువిస్తుందో మొదటి మాట చెప్తుంది. మంచిదో చెడ్డదో రెండో మాట చెప్తుంది.

వదిన ఆడే దొంగ ‘ఇష్టారాజ్యం, మంచి’. పైవాటాలో ఉండే కరెంటు మేస్త్రీ ఆడే మాంత్రికుడు రెండింటిలోనూ మధ్యస్థం. గోడ మీద పిల్లికి రెండిళ్లలోనూ పాలేనని అతని వాదన. ఆమె వీరుడు ‘కట్టుబాటు, మంచి’. అబద్ధమాడడు. మాట తప్పడు. తప్పిన రోజున అతని కత్తికి వెలుగు పోతుంది. ఏళ్ల తరబడి ఆడుతున్నా ఆ వెలుగు పోలేదు.

బయట కూడా ఆమెను అందరూ నిక్కచ్చి అనే పిలిచేవారు. కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించడం, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆమె పని. “ఇది నాకు బాగుందా అమ్మా?” అని ఎవరైనా అడిగితే, “లేదండీ, ముఖం చిన్నదైపోయింది” అనేది. యజమాని గుటకలు మింగేవాడు. అయినా ఆమె బాగుందన్న ఫ్రేము కొన్నవాళ్లు మరోసారి ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆ దుకాణానికే ఒకరోజు అన్నయ్య తలనొప్పి అంటూ వచ్చాడు. అక్షరాల పట్టీ చివరి వరుస దాకా గడగడా చదివాడు. ఆమె అలవాటు కొద్దీ అతన్ని తన ముక్కుకేసి చూడమని, అతని చెవి పక్క నుంచి వేళ్లు ఆడిస్తూ ముందుకు తెచ్చింది.

“కనిపించగానే చెప్పు.”

వేళ్లు చెంప దాటాయి. కంటి కొస దాటాయి. అతను నోరు విప్పలేదు. దాదాపు ఎదురుగా వచ్చాక, “ఆఁ, ఇప్పుడు” అన్నాడు. రెండో వైపూ అంతే.

అన్నయ్య నడిపేది బడిపిల్లల వ్యాను.

“పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇవాళే వెళ్లు,” అంది ఆమె.

“దసరా సెలవులివ్వగానే వెళ్తా. ఈలోగా మీ వదినకు తెలిసిందంటే నన్ను బండి ఎక్కనివ్వదు. ఎవరికీ చెప్పనని మాటివ్వు.”

“అన్నయ్యా, పిల్లలు...”

“ఎన్నేళ్లుగా నడుపుతున్నాను? ఆ దారి నాకు కళ్లు మూసుకున్నా వచ్చు. మాటివ్వు.”

ఆమె ఇచ్చింది. సెలవులు ఎంతలో వస్తాయిలే అనుకుంది. అవి ఇంకా రాలేదు. ఆమె కంటికి కునుకు రాలేదు. వీధిలో గట్టిగా హారను మోగితే చేతిలో అద్దం జారేది.

ఒక ఆదివారం ముగ్గురి పాత్రలూ ఒక పాడుబడ్డ కోటలో తలదాచుకున్నాయి. బురుజు మీద కాపలాకు ఒక ముసలి సిపాయి. అతని మాటలు పలికేది అన్నయ్యే. బల్ల మీద పరిచిన గళ్ల కాగితం కోట. చొక్కా గుండీలు మనుషులు. వదిన తన గుండీని కాగితం అంచు దాకా జరిపింది.

“నా దొంగ వచ్చి కాపలావాడి పక్కన నిలబడింది.”

“ఎక్కడా? నీ గుండీ ఏదీ?” అన్నయ్య చూపు బల్ల నడుమ వెతికింది.

గుండీ అతని మోచేతి పక్కనే ఉంది.

“పాము అయ్యుంటే కరిచేది అన్నా,” అన్నాడు కరెంటు మేస్త్రీ. ఎవరూ నవ్వకపోయేసరికి టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

వదిన ఆడపడుచు వైపు తిరిగింది. “నా దొంగ వీరుణ్ణి ఒకటి అడుగుతుంది. ఈ కాపలావాడు నీకు పాత నేస్తం. అతన్ని నమ్మి మేం కళ్లు మూయాలి. కింద గదిలో పిల్లలు కూడా ఉన్నారు. అతనికి చూపు సరిగా ఉందా?”

అన్నయ్య చేతిలోని పాచికలు బల్ల మీద పెట్టేశాడు.

“కథలో పిల్లలు లేరు,” అన్నాడు అన్నయ్య.

“నేను తెచ్చాను. దొంగను కదా, మీకు చెప్పి తేవాలా?”

“ఇలాంటి ప్రశ్నలు ఆటలో కుదరవు.”

“ఏదైనా అడగొచ్చని రూలు పెట్టింది మీరే. మొన్న తలుపు గుద్దుకున్నారు. నిన్న పక్కన నిలబడి మంచినీళ్లిస్తే ఉలిక్కిపడ్డారు. అడిగితే పరధ్యానం అంటారు. ఈవిణ్ణి అడుగుదామంటే నన్ను చూడగానే నోరు కుట్టేసుకుంటుంది. వీరుడు అబద్ధమాడడుగా. అందుకే వీరుణ్ణి అడుగుతున్నా.”

ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. ఆ మసకలో అన్నయ్య ముఖం చెదిరిపోయింది.

“వీరుడు మౌనంగా ఉంటే తప్పా?” అని అడిగింది.

అన్నయ్య గొంతు తేలికపడింది. “తప్పేం లేదు. మౌనం అబద్ధం కాదు. కత్తి వెలుగు అలాగే ఉంటుంది.”

“చెప్తే?”

“ఎవరికో ఇచ్చిన మాట తప్పినట్టు. వెలుగు పోతుంది. మళ్లీ రాదు. ఇన్నేళ్లు పెంచుకున్న పాత్ర చెల్లాయ్, ఆలోచించుకో.”

“పోనీ నా మాంత్రికుణ్ణి కాపలా పెట్టండి. వాడికెలాగూ నిద్ర పట్టదు,” అన్నాడు మేస్త్రీ.

“నువ్వుండు తమ్ముడూ,” అంది వదిన.

మౌనంగా ఉంటే అన్నీ నిలుస్తాయి. ఇన్నాళ్లూ ఆమె చేసింది అదే. తెల్లవారితే సోమవారం, వ్యాను కదులుతుంది. తన కాగితం పైవరుసలో ఉన్న రెండు మాటల్నీ ఆమె ఇన్నాళ్లూ ఒకే మాటగా చదువుకుంది.

“వీరుడు మాట తప్పుతున్నాడు,” అంది. “కాపలావాడికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. రెండు పక్కలా చీకటి. ఆ సంగతి అతనికి తెలుసు. నాకూ తెలుసు.”

“ఎప్పట్నించి?” ఆ గొంతు దొంగది కాదు, వదినది.

“వానలు మొదలైనప్పట్నించి.”

వదిన తిట్టలేదు. తిడితే బాగుండేది. “అన్నాచెల్లెళ్లు ఒకటి. నేను పరాయిదాన్ని. సరే. మరి రోజూ బండి నిండా ఎక్కేవాళ్లు మీకేమవుతారు?” అని లేచి వెళ్లి, ఇటు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడింది.

మేస్త్రీ తన గుండీని జేబులో వేసుకుని, చెప్పకుండానే మెట్లెక్కి వెళ్లిపోయాడు.

అన్నయ్య రబ్బరు ఆమె ముందుకు తోశాడు.

“చెరిపెయ్యి.”

ఆమె ‘కట్టుబాటు’ చెరిపింది. చెయ్యి ఆగక పక్క మాట మీదికి పోతుంటే అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“అది ఉండనీ,” అన్నాడు. రబ్బరు వెనక్కి తీసుకుంటూ, “రేపు మాత్రం బండి తియ్యక తప్పదు,” అన్నాడు.

మర్నాడు ఉదయం ఆమె దుకాణానికి వెళ్లలేదు. అన్నయ్య ఇంటి ముందు వ్యాను ఉంది. అతను డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇంజను ఇంకా ఆడటం లేదు. ఆమె పక్క తలుపు తీసి ఎక్కేదాకా అతనికి తెలియలేదు.

“నీ ఫోనివ్వు అన్నయ్యా.”

అతను ఆమెకేసి చూసి, ఇచ్చాడు. ఆమె ఒక్కొక్క పిల్లాడి ఇంటికీ ఫోను చేసింది. “బండికి రిపేరొచ్చిందండీ. ఇవాళ మీరే దింపుకోవాలి.” మొదటి ఇంటికి ఆ అబద్ధం రెండుసార్లు మొదలుపెడితే గానీ పూర్తవలేదు. తర్వాత్తర్వాత సాఫీగానే వచ్చింది. అన్నయ్య స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురుగా చూస్తూ విన్నాడు.

చివరి ఇంట్లో తల్లి అడిగింది: “రేపటికి బాగవుతుందా అండీ?”

ఆమె అన్నయ్య వైపు చూసింది. అతను ఇటు తిరగలేదు.

“కాదండీ,” అంది. “రేపు రాదు. ఎల్లుండీ రాదు. ఇంకో బండి చూసుకోండి.”