లైను కోసం సారపాక దాకా

సరుకును తక్కువ జాప్యంతో చేరాల్సిన చోటికి చేర్చడం ఎలా అన్నదే నా పీహెచ్‌డీ. దాన్ని సప్లై చెయిన్ అంటారు. ఈ రంగంలో పరిశోధకులకిచ్చే ఒక అవార్డు పోటీలో చివరికి ఇద్దరం మిగిలాం. ఇంకో యూనివర్సిటీ అబ్బాయి గెలిచాడు. అవార్డుతోపాటు వచ్చే ఉద్యోగం కూడా అతనికే పోయింది కాబట్టి, మనస్ఫూర్తిగా అభినందించానని అబద్ధం చెప్పను. ఇద్దరం పని చేసింది ఒకే చోట: సారపాక దగ్గర జామాయిల్ కర్ర దించుకునే ఒక డిపో, దాని ముందు రోడ్డు పొడవునా ఆగి ఉండే లారీలు. ఆ లైను త్వరగా కదలడానికి నేను రెండేళ్లు ఎండలో నిలబడి లెక్కలు కట్టాను. అతను లైనే లేకుండా చేశానన్నాడు. ఫలితం మీద అభ్యంతరం ఉంటే మర్నాడు సాయంత్రం ఐదులోపు ఆధారం పంపమన్నారు. లైను ఇంకా ఉందని ఒక్క ఫోటో దొరికితే చాలు. అందుకే బయల్దేరాను.

ఖమ్మం బస్టాండులో మర్నాడు పొద్దున ఆరున్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, మగవాళ్లకు రెండు వందల లోపే అవుతుంది. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మూడు గంటల పైనే పడుతుంది. గోదావరి వంతెన దాకా వెళ్లకుండా ఇవతలే సారపాకలో దిగాలి. దారిపొడవునా ఒక్క జామాయిల్ లారీ కనిపించినా ప్రాణం లేచి వచ్చేది. జనం ఇబ్బంది పడుతూ ఉండాలని కోరుకుంటూ ప్రయాణం చేయడం నాకదే మొదటిసారి.

"కర్ర డిపో ముందర, లారీల లైను కాడ దింపు" అన్నాను ఆటో అతనితో.

"లైనేడిది మేడం ఇప్పుడు? అంత సాఫయింది" అన్నాడు.

ఇరవై రూపాయలు తీసుకుని దింపిన చోట నిజంగానే ఏమీ లేదు. నేను గొడుగేసుకుని నిలబడ్డ రోడ్డు మీద రెండు గేదెలు తీరిగ్గా నడుస్తున్నాయి. ఒళ్లు మండింది. మధ్యాహ్నం దాకా అక్కడే కాపు కాశాను. లారీ రావడం, లోపలికి పోవడం, అంతే.

డిపో ఎదురుగా ఒకప్పుడు వరుసగా మెస్సులు ఉండేవి. ఇప్పుడు ముత్తమ్మది ఒక్కటే తెరిచి ఉంది. రెండేళ్లు నాకు అన్నం పెట్టిన మనిషి. నన్ను చూసి "చిక్కిపోయినవ్ బిడ్డా" అంటూ అన్నం, పప్పుచారు వడ్డించింది. లోపల తింటున్నది నాకు అప్పటినుంచీ తెలిసిన లారీ డ్రైవరు యాకయ్య ఒక్కడే.

"లైను ఎట్ల పోయింది యాకయ్యా?" అన్నాను, పోలేదంటాడేమోనన్న ఆశతో.

"ఆ సారు ఒక్కటే అడిగిండు మేడం. మీరు గింత ముందుగాల ఎందుకొస్తరు అని. ముందొచ్చినోనికే ముందు దించుతరు, అందుకే ఎగవడి వస్తమన్నం. ఇప్పుడు ఎవలి టైము వాళ్లకు ఫోన్‌కు వస్తది. గప్పుడే బయల్దేరుతం. నిన్న ఇంట్లనే పండుకున్న."

"నేను కూడా అడిగాను కదా?"

"అవ్. వచ్చినంక ఎంతసేపైంది అని అడిగిన్రు. మస్తుసార్లు అడిగిన్రు."

ఎగతాళి చేయలేదు, జరిగింది చెప్పాడు. అతను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాక నేను ఎందుకొచ్చానో ముత్తమ్మకు చెప్పేశాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"వీడియో తియ్యి. లైను రోజూ ఉంటుందని నేను చెప్త. నీ ప్రైజు నీకొస్తది, నా గిరాకీ నాకొస్తది. గిట్లనే ఉంటే వచ్చే నెల మూసుడే బిడ్డా."

తీశాను. ఆమె తడుముకోకుండా చెప్పింది.

రెండు గంటల బస్సెక్కాను. మెయిల్ రాసి, వీడియో జతచేసి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరో డ్రైవరు తన ఇంట్లో పడుకుంటే నాకేమిటి అని గట్టిగా అనుకోబోయాను. కుదరలేదు. ఐదు దాటాక ఖమ్మం బస్టాండులో దిగుతుంటే ముత్తమ్మ ఫోన్ చేసింది.

"పంపినవా బిడ్డా?"

"దారిలో సిగ్నల్ లేదమ్మా."

"గట్లనా" అని పెట్టేసింది.

ఇది నా నిజాయితీ అని ఎవరూ మెచ్చుకోకండి. ఆ అబ్బాయి మీద కోపం ఇంకా అలాగే ఉంది, అడగాల్సిన ప్రశ్న అడిగినందుకు మరీ ఉంది. రెండేళ్లు తిండి పెట్టిన మనిషితో సిగ్నల్ లేదని అబద్ధమాడాను, ఉద్యోగమూ లేదు. మీరు అటు వెళ్తే పాల్వంచలోనే భోంచేసి బయల్దేరండి. డిపో ముందు ఇప్పుడు ఎవరూ ఆగడం లేదు, వచ్చే నెల నుంచి ఎవరూ వండరు.