దూలం మీద మూడు

మా చిన్నప్పుడు... తాత నన్ను భుజాల మీదికి ఎక్కించుకుని, వసారా స్తంభం పైన దూలం వచ్చి కూర్చున్న చోట నా వేలు పెట్టించేవాడు. ఉలితో చెక్కిన గీత ఒకటి చల్లగా తగిలేది.

"ఏటే గుంటా, ఏటిది?"

"మూడు తాతా."

"దూలానికీ మూడే, స్తంబానికీ మూడే. రెండూ కలిస్తేనే పెళ్లి. మూడుని తీసుకెల్లి నాలుక్కి కట్టబెట్టినావనుకో, మీ మామ్మా నానూ లాగ... రోజూ కిర్రు కిర్రే!"

వంటింట్లోంచి మామ్మ గరిటె ఠంగుమనేది.

రంగూన్‌లో, అదే ఇప్పటి యాంగోన్‌లో, సంచౌంగ్ అనే పేట లోపలి సందులో ఉంది ఆ ఇల్లు. ఎప్పుడో ఒక ఇంగ్లీషు కలప వ్యాపారి తన దేశపు పద్ధతిలో కట్టించుకున్నాడు. టేకు స్తంభాలు, టేకు దూలాలు, మూలల్లో ఏటవాలు కొయ్యలు... వాటి నడుమ తెల్ల సున్నపు గోడలు. కొయ్య కట్టులో ఇనప మేకు ఒక్కటి లేదు. ఒక కొయ్య చివర చెక్కిన కుసి ఇంకో కొయ్య బెజ్జంలో దూరాలి, మీద కొయ్య చీల దిగాలి... అంతే. ముందు అన్నీ నేల మీద పరిచి సరిచూసుకుని, ఏది దేనికో అంకె వేసుకుని, విప్పి, అప్పుడు పైకి లేపేవారట. ఆ అంకెలు తెలుగువి. ఎందుకంటే చెక్కింది మా తాత తండ్రి, ఆయనతో పాటు ఓడ దిగిన శ్రీకాకుళం వడ్రంగులు.

మా కాలానికి ఆ ఇంట్లో తడికెలు కట్టుకుని తొమ్మిది కుటుంబాలం ఉండేవాళ్లం. తెలుగు బడి లేదు. నేనూ చెల్లీ తాత భుజాలెక్కి, మేకు పట్టుకుని ఆ అంకెల పక్కనే దిద్దుకున్నాం. ౧... ౨... ౩... స్తంభాల నిండా. తాత ఆపలేదు, మురిసిపోయాడు.

ఆ మురిపెమే మా కొంప ముంచింది.

తర్వాత అందరినీ ఖాళీ చేయించారు. తాత పోయాడు. పోయినేడు ఆ ఇంటిని హోటల్ చేస్తున్నారని తెలిసి అక్కడే పాలిష్ పనికి కుదిరాను. కొయ్య గీకి నున్న చెయ్యాలి. మొదలుపెట్టే ముందు బర్మా ఇంజనీరు దగ్గరికి వెళ్లి, వాళ్ల భాషలో సారూ అన్నట్టు సయా అని పిలిచాను.

"సయా, ఈ అంకెలు మాత్రం ఉంచండి. కట్టినవాళ్లు వేసుకున్నవి. మా వాళ్లు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. "ఒక స్తంభానికి ఇన్ని అంకెలా అమ్మాయ్? పిల్లల గీతలివి. గీకెయ్."

సగం నిజమే మరి.

మా మేస్త్రీ తెలుగువాడే. నువ్వైనా చెప్పు మావా, అన్నాను. "ఓలమ్మా, ఊరుకో. నాకు బర్మా అంకెలే వొచ్చు. రేప్పొద్దున్న పని వొద్దా ఏటి నీకు?"

గీకాను. మిషను ఆనించగానే మా పిల్ల గీతలన్నీ పొడి అయి రాలిపోయాయి. ముత్తాత మూడు మాత్రం పోలేదు. దూలం మీద ఒకటి, స్తంభం మీద ఒకటి... ఎదురెదురుగా, ఎవరికైనా తెలిసేంత స్పష్టంగా. పరుగెత్తి ఇంజనీరును తీసుకొచ్చాను.

నిచ్చెన ఎక్కి చూశాడు. వేలు పెట్టి కూడా చూశాడు.

"నిజమే అమ్మాయ్" అన్నాడు. "కానీ గెస్టులకు కొయ్య నున్నగా ఉండాలి. పూడ్చెయ్."

నా చేత్తోనే రంపం పొట్టు, జిగురు కలిపి పూడ్చాను. మీద నాలుగు పూతల పాలిష్. ఇప్పుడు గేటు దగ్గర ఇత్తడి పలక ఉంది... దాని మీద కలప దొర పేరు.

ఇది చదివి "అయ్యో" అని బొమ్మ పెట్టి పోకండి, ఒళ్లు మండుతుంది. ఇంజనీరుకు తెలుగు రాదు, సరే. మీకు వచ్చుగా... మీ గుమ్మం మీద ఇంటి నంబరు ఏ అంకెల్లో ఉంది? ఒకప్పుడు ఉలి పట్టిన కూలివాడికి వచ్చిన అంకెలు ఇవాళ ఎందరికొచ్చు?

౧ నుంచి ౯ దాకా ఫోన్‌లో వెతక్కుండా రాయగలిగినవాళ్లు మీ ఇంట్లో ఒక్కరున్నా, వాళ్ల చేత కాగితం మీద రాయించి కింద ఫొటో పెట్టండి. ఎన్ని వస్తాయో చూస్తాను...