కరివేపాకు కుండీకి పోసిన పాలు

పుప్పాలగూడలో మా కొడుకు ఫ్లాటు బాల్కనీలో నా కరివేపాకు కుండీ ఉంది. బియ్యం కడిగిన నీళ్లు తప్ప దానికి నేను మంచినీళ్లు కూడా పోయను. ఒక పొద్దున చూస్తే దాని మొదట్లో చీమలు బారులు కట్టి ఉన్నాయి. వంగి చూశాను. మట్టి మీద పాలు. మా ఇంట్లో ప్యాకెట్ పాలు ఒలకబోసే ధైర్యం ఎవరికీ లేదు.

కోడలికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కుట్ల దగ్గర వాపుకూ నొప్పికీ డాక్టరమ్మ ఐబుప్రొఫెన్ మాత్రలు రాసింది. తల్లిపాలు చాలడం లేదంటూ వియ్యపురాలు డబ్బాపాలు కలిపి పడుతుంటే నిజమే అనుకున్నాను.

"గీ పాలు చెట్టుకెందుకు పోసినవే?" అని కోడలిని నిలదీశాను.

ఆమె తల దించుకుంది. వియ్యపురాలు అందుకుంది. "మాత్ర పాలలోకి దిగుతుందండీ వదినగారూ. వేసుకున్నప్పుడల్లా పిండేయమన్నాను. చనుబాలు తొక్కుడు పడకూడదు కదండీ, అందుకే చెట్టు మొదట్లో పోయించాను."

"చెట్టుకు తల్లిపాలు, పిల్లగానికి డబ్బా. డాక్టర్ని అడిగిన్రా?"

కోడలు తన తల్లి వైపు చూసింది.

"నీ బిడ్డ ఆఫీసుల పదిమందిని నడిపిస్తదట. ఇంట్ల నోరు నీ కొంగుకు కట్టేసిందా?"

ఇద్దరినీ వెంటబెట్టుకుని కొత్తగూడలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఈ మాత్ర పాలలోకి వచ్చేది చాలా తక్కువ" అంది ఆమె. "బాబు నెలలు నిండి పుట్టాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. నేను రాసిన మోతాదులో వేసుకుంటూ పాలివ్వచ్చు. ఒక్క చుక్క కూడా పారబోయక్కర్లేదు."

"నా మోకాళ్ల మాత్రలు మిగిలినయి. గవి వాడితే నడుస్తదా?"

"వద్దు పెద్దమ్మా. నొప్పి మాత్రలన్నీ ఒకటి కావు. నన్నడక్కుండా ఏదీ ఇవ్వకండి."

పాలు తగ్గాయనీ, మాటిమాటికీ రొమ్ము పట్టిస్తేనే మళ్లీ పడతాయనీ, అందాకా డబ్బాపాలు ఆపేసి బిడ్డను పస్తు పెట్టవద్దనీ చెప్పింది.

సాయంత్రం కోడలు బిడ్డను ఒళ్లో వేసుకుంది. వాడు రొమ్ము నోట పెట్టుకోలేదు. కాళ్లు తన్ని, ఎర్రబడి ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. నేను ఆమె కళ్లు తుడవలేదు. అంతలో వంటింట్లో వియ్యపురాలు పాలడబ్బా మూత తీసింది. ఆ చప్పుడుకు బిడ్డ ఏడుపు ఆపి అటు తల తిప్పాడు.

"చూసినవా" అన్నాను కోడలితో, "తల్లిని గుర్తుపట్టిండు."