మేలు పొందని మేస్త్రీ సాక్ష్యం

బస్సుల షెడ్డులో పెద్దమేస్త్రీ చెయ్యి పడిందంటే ఎంత మొండి ఇంజనైనా దారికి రావాల్సిందే. అలాంటి మనిషికి దేవుడొక్కడే కొరుకుడు పడలేదు.

భార్యకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. మంచినీళ్లు కావాలన్నా వేలు చూపించాల్సిందే. ఆయన చెయ్యని ప్రార్థన లేదు, ఉండని ఉపవాసం లేదు.

"నీ విశ్వాసం చాల్లేదేమో బావా" అని బామ్మర్ది ఓ ఉచిత సలహా పారేశాడు.

"దానికీ ఇంజన్లో ఆయిలు చూసే పుల్లలాంటిది ఉందేంట్రా? పట్రా, ముంచి చూద్దాం" అని కసిరాడు మేస్త్రీ.

అంతలా కసిరిన మనిషే ఆదివారం పొద్దున్నే ఆమెకు తల దువ్వి, చక్రాల కుర్చీ తోసుకుంటూ చర్చికి బయల్దేరేవాడు.

ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పడం అక్కడి అలవాటు. మేలు పొందినవాళ్లు లేచి చెబుతారు. చెప్పగానే అందరూ ఒక్క గొంతుతో "ప్రభువుకు స్తోత్రం" అంటారు. ఒకరికి ఉద్యోగం, ఇంకొకరికి సంతానం. వింటుంటే మేస్త్రీకి ఒళ్లు మండిపోయేది.

ఓ ఆదివారం ఇంట్లోనే తేల్చేశాడు. "ఇదే ఆఖరు. అడగాల్సింది ఆ దేవుణ్ణే అడిగేసి వచ్చేద్దాం." ఆమె కళ్లు దించుకుంది.

సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాడు.

"నాకే మేలూ జరగలేదండీ. ఎంత పిలిచినా పలకలేదు. అసలున్నాడా అని కూడా అనిపిస్తోంది. ఇక రావద్దనుకున్నా. కానీ రాకుండా ఎలా ఉండాలో తెలీట్లేదు... అంతే."

దీనికి స్తోత్రం చెప్పాలో వద్దో ఎవరికీ పాలుపోలేదు. పాస్టరుగారు కూడా బైబిలు పేజీలు తిప్పసాగారు.

అప్పుడు కుర్చీలోంచి ఓ శబ్దం వచ్చింది. వంకరపోయిన మూతితో, మెడనరాలు తేలేలా అక్షరాలను పెకలించుకుంటూ ఆమె అంది: "స్తో... తం."

ఇద్దరి విశ్వాసాన్నీ తానొక్కడే ఈడ్చుకొస్తున్నానని మేస్త్రీ ఇన్నాళ్లూ అనుకున్నాడు. కాదు, ఆమే తనని మోస్తోంది! మోకాళ్ల మీద కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమే, నేను తిట్టినదానికా స్తోత్రం?"

ఆమె తలూపింది. వెనకాల ఒక గొంతు అందుకుంది, తర్వాత చర్చంతా అందుకుంది.

ఆమె నోట మళ్లీ మాట రాలేదు. మేస్త్రీ కూడా దేవుడితో పోట్లాట మానలేదు. కుర్చీ మాత్రం ప్రతి ఆదివారం అందరికంటే ముందు గుమ్మం దాటుతుంది.